నా పనిని తిప్పి పంపేవారు కావాలి

వేలిమాట (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఆటిజం ఉన్న వయోజనుణ్ణి, నోటితో మాట్లాడను. అప్పుడప్పుడు నా నోటి నుంచి మాటలు వస్తాయి గాని అవి నేను చెప్పదలచుకున్నవి కావు. ఆకలి లేనప్పుడు కూడా ‘ఆకలి’ అని వరుసగా అంటూ ఉండగలను. నా మాట అంటూ ఏదైనా ఉంటే అది ట్యాబ్ మీద ఒక్క వేలితో టైపు చేసిందే. సమాధానాలు ఆలస్యమైతే దయచేసి ఓపిక పట్టండి.

నాకు పని కావాలి. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఎదుటివారు నాకు పొద్దుపోయే మార్గాలు సూచిస్తారు. నాకు పొద్దుపోక కాదు. పుస్తకాలు ఉన్నాయి, సంగీతం ఉంది, ఆలోచించుకోవడానికి కావలసినంత ఉంది. నేను చేయకపోతే ఆగిపోయే పని మాత్రం ఒక్కటీ లేదు. మీలో ఉద్యోగాలు చేసేవారు సోమవారం ఉదయాన్ని విసుక్కుంటారు. తాము వెళ్ళకపోతే ఎవరో ఒకరు ఫోను చేసి ఎందుకు రాలేదని అడుగుతారన్న ధీమా ఆ విసుగులోనే ఉంది. నేను ఏ రోజు మంచం దిగకపోయినా ఎవరి ఫైలూ ఆగదు.

కొంతకాలం ఒక శిక్షణ కేంద్రానికి వెళ్ళాను. అక్కడ కవర్లు మడిచే పని ఇచ్చి, మడిచిన ప్రతి కట్టకూ చప్పట్లు కొట్టేవారు. ఒకరోజు కావాలనే కొన్నింటిని తలకిందులుగా మడిచి ఇచ్చాను. చప్పట్లలో తేడా రాలేదు. ఆ కవర్లతో ఎవరికీ అవసరం లేదని అప్పుడు రూఢి అయింది. అవసరం ఉంటే ఎవరో ఒకరు వాటిని నా ముందు పెట్టి, ఇవి పనికిరావు, మళ్ళీ చేయండి అని ఉండేవారు. నా పనిని ఇంతవరకు ఎవరూ తిప్పి పంపలేదు. నేను కోరుకుంటున్నది అదేనంటే ఇంట్లోవారికి కూడా వింతగా ఉంది.

నేను వేగంగా చదువుతాను. అచ్చుతప్పులు, వాక్యం మధ్యలో కర్త మారిపోవడం, ఒకే మనిషి పేరును రెండు చోట్ల రెండు రకాలుగా రాయడం వంటివి నాకు వెంటనే కంటపడతాయి. ఫోను మాట్లాడలేను. ముందుగా చెప్పకుండా పెట్టే సమావేశంలో కూర్చోలేను. కొన్ని రోజులు నా శరీరం నా మాట వినదు, ఆ రోజుల్లో టైపు చేయడం కూడా కుదరదు. నావంటివారు ఎవరైనా నిజమైన పనిలో కుదురుకుని ఉంటే, అది ఎలా మొదలైందో తెలిసినవారు చెప్పగలరు.

సాధన_థెరపిస్ట్

వేలిమాట గారూ, నేను స్పీచ్ థెరపిస్టుగా పనిచేస్తున్నాను. శరీరం మాట వినని రోజుల గురించి మీరు రాసినదాన్ని ఇతర సభ్యుల కోసం కొంచెం విడమరచి చెబుతాను, ఎందుకంటే నేను చూసినంతవరకు అవకాశాలు చేజారేది ఎక్కువగా అక్కడే. మాట్లాడని ఆటిస్టిక్ వ్యక్తులలో చాలామందికి అనుకున్నదానికీ శరీరం చేసేదానికీ పొంతన కుదరదు. దీనిని వైద్యంలో ఏప్రాక్సియా అంటారు. లేవమన్నప్పుడు లేవాలనే ఉంటుంది, కాళ్ళు కదలవు. ఒక వస్తువు తీసుకోబోతే చేయి పక్కనున్న దాని మీదికి పోతుంది. చూసేవారు మాత్రం ఈ మనిషికి చెప్పింది అర్థం కాలేదనో, ఇష్టం లేదనో తీర్మానించుకుంటారు.

తెలివిని కొలిచే పరీక్షల్లోనూ ఇదే జరుగుతుంది. 2015లో కెనడా పరిశోధకులు, మాటలు అసలు లేని లేదా చాలా తక్కువగా ఉన్న 30 మంది ఆటిస్టిక్ పిల్లలతో చేసిన ఒక అధ్యయనాన్ని ప్రచురించారు. బడుల్లో ఎక్కువగా వాడే వెష్లర్ పరీక్షను ఆ పిల్లల్లో ఒక్కరూ పూర్తి చేయలేకపోయారు. ఆకారాల అమరికలో లోపించిన ముక్కను వెతికే రావెన్స్ పరీక్షను, ముక్కలను చేత్తో అమర్చే బోర్డు రూపంలో ఇచ్చినప్పుడు 26 మంది పూర్తి చేశారు. మొదటి పరీక్ష ఒక్కటే ఆధారమైతే ఆ పిల్లలందరి ఫైళ్ళలోనూ ‘పరీక్షించడం సాధ్యం కాలేదు’ అన్న ఒకే వాక్యం ఉండేది, ఆ వాక్యమే పెద్దయ్యాక వారి ఉద్యోగ దరఖాస్తుల వెనుక నడిచేది.

ఇంటర్వ్యూ సంగతి మరొకటి. మామూలు సంభాషణలో మనిషి నిమిషానికి సుమారు 150 మాటలు పలుకుతాడు. పరికరం మీద టైపు చేసి మాట్లాడేవారిలో చాలామంది 15 మాటలు దాటరు. ఎదుటి వ్యక్తి గడియారం చూడటం మొదలుపెట్టేసరికి మీరు మొదటి వాక్యం సగంలో ఉంటారు. ప్రశ్నలను ముందుగా రాసి పంపమని, జవాబులను రాతలో తీసుకోమని అడగడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని.

పాతపాఠకుడు

వేలిమాట గారి రాత చూసి ముచ్చటేసింది. జీతం సంగతి పక్కనపెట్టి వికీసోర్స్ వంటి ఆన్‌లైన్ గ్రంథాలయంలో స్వచ్ఛందంగా పాత పుస్తకాల అచ్చుతప్పులు దిద్దవచ్చు కదా? మనసుకు తృప్తి ఉంటుంది, ఒత్తిడి ఉండదు.

నెమ్మదిటైపు

పాతపాఠకుడు గారూ, నేను కూడా మాట్లాడని మనిషినే, పరికరంతో రాస్తాను. మీరు చెప్పిన పని నేను చేస్తున్నాను, దాని గురించి మంచి మాటే చెబుతాను. వికీసోర్స్‌లో ఒక పుటను ఒకరు దిద్దితే దాని గుర్తు పసుపు రంగులోకి మారుతుంది. అది ఆకుపచ్చగా మారాలంటే మరొక సభ్యుడు అదే పుటను మొదటి నుంచి సరిచూడాలి. దిద్దిన మనిషే తన పనిని ఆమోదించుకునే వీలు ఉండదు. నేను వదిలేసిన ఒక దీర్ఘాన్ని ముక్కూమొహం తెలియని వ్యక్తి సరిచేసి వెళ్ళినప్పుడు నాకు కలిగిన సంతోషం వేలిమాట గారికి అర్థమవుతుంది. నేను మాట్లాడనన్న సంగతి ఆ వ్యక్తికి తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు.

అయితే జీతం సంగతి పక్కనపెట్టమనే సలహా మాకే ఎందుకు వస్తుంది? ఇక్కడి ఇతర సభ్యులు ఉద్యోగం మారాలనుకుంటున్నామని రాసినప్పుడు తృప్తి కోసం ఉచితంగా చేయండని ఎవరూ చెప్పలేదు. వికలాంగులు చేసే పనికి తక్కువ ఇవ్వవచ్చన్న ఆలోచన చట్టాల్లోకి కూడా ఎక్కింది. అమెరికాలో 1938 నాటి కార్మిక చట్టం, ప్రత్యేక అనుమతి పత్రం ఉన్న సంస్థలు వారికి కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడానికి వీలు కల్పించింది. ఆ తరువాత కొన్ని రాష్ట్రాలు తమ పరిధిలో దానిని రద్దు చేసుకున్నాయి. 2006లో ఆమోదం పొందిన ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 27వ అధికరణంలో, స్వేచ్ఛగా ఎంచుకున్న పనితో జీవిక సంపాదించుకునే అవకాశాన్ని హక్కుగా చెప్పింది. దానిపై 2022లో వెలువడిన వ్యాఖ్యానం, వికలాంగులను విడిగా కూర్చోబెట్టి పనిచేయించే కేంద్రాలను క్రమంగా మూసివేయాలని ప్రభుత్వాలను కోరింది. కవర్లు తలకిందులైనా చప్పట్లు కొట్టే చోట్లు ఆ కోవలోవే.

మరొక సంగతి కూడా నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. మాలో పేరు తెచ్చుకున్నవారి ఉదాహరణలు చెప్పి నన్ను ఓదార్చేవారు ఉన్నారు. జోర్డిన్ జిమ్మర్‌మన్‌కు 18వ ఏట గాని సరైన కమ్యూనికేషన్ పరికరం చేతికి రాలేదు, 2021లో ఆమె విద్యారంగంలో మాస్టర్స్ పూర్తిచేశారు. హరి శ్రీనివాసన్ అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో 2022లో డిగ్రీ తీసుకుని న్యూరోసైన్సులో డాక్టరేట్ పరిశోధనకు వెళ్ళారు. ఇద్దరిమీదా నాకు ఎంతో గౌరవం ఉంది. కానీ మాలో పని దొరికినవారికి దొరికేది చాలావరకు ఆటిజం గురించి చెప్పే పని, కమ్యూనికేషన్ హక్కుల గురించి చెప్పే పని. అది వారు కోరి ఎంచుకున్న దారి కావచ్చు. నాకు మాత్రం పటాలంటే ఇష్టం. నదుల పాత ప్రవాహ మార్గాలను పటాల మీద పోల్చి చూడటం ఇష్టం. నా మౌనం గురించి ప్రసంగించమంటే వేదిక దొరుకుతుంది, నదుల గురించి పనిచేస్తానంటే బల్ల దొరకదు.

ప్రశ్నార్థకం

ఈ ప్రశ్న కొందరికి కటువుగా అనిపించవచ్చు, కానీ ఉద్యోగం ఇచ్చేవారు దీనిని తప్పక అడుగుతారు కాబట్టి ఇక్కడే అడుగుతున్నాను. సహాయకుడు చేయి పట్టుకుని టైపు చేయించే పద్ధతిని 1990లలో పరీక్షించినప్పుడు, సహాయకుడికి ఒక బొమ్మ, టైపు చేసే వ్యక్తికి వేరొక బొమ్మ చూపితే, తెర మీద పడింది సహాయకుడు చూసిన బొమ్మ పేరే. 2018లో అమెరికా స్పీచ్ థెరపిస్టుల సంఘమైన ఆషా ఆ పద్ధతినీ, సహాయకుడు బోర్డు పట్టుకుంటే అక్షరాలు చూపే రాపిడ్ ప్రాంప్టింగ్ పద్ధతినీ వాడవద్దని ప్రకటించింది. ఇటువంటి సందర్భాల్లో పని ఎవరిదో సంస్థకు ఎలా తెలుస్తుంది?

వేలిమాట

ప్రశ్న సరైనదే. నా పేరున వేరొకరు మాట్లాడితే అందరికంటే ఎక్కువ నష్టపోయేది నేనే కాబట్టి, ఈ ప్రశ్నను నా శత్రువుగా చూడను. నన్ను ఎవరూ పట్టుకోరు, ట్యాబ్‌ను కూడా ఎవరూ పట్టుకోరు. అది స్టాండు మీద ఉంటుంది, నేను రాసేటప్పుడు గదిలో తరచు ఎవరూ ఉండరు. ఈ స్థితికి చేరడానికి ఏళ్ళు పట్టింది. అందరూ చేరలేదు, చేరనివారందరూ ఏమీ ఎరగనివారని నేను ఒప్పుకోను. 2020లో ఒక అమెరికా విశ్వవిద్యాలయ బృందం, సహాయకుడు పట్టుకున్న అక్షరాల బోర్డును వాడే తొమ్మిది మంది కంటిచూపును కెమెరాతో కొలిచి, వేలు కదలకముందే చూపు సరైన అక్షరం మీదికి వెళుతోందని చూపింది. అది చాలదని, వేర్వేరు బొమ్మల పరీక్ష కూడా జరగాలని విమర్శకులు అంటున్నారు. ఆ పరీక్ష మర్యాదగా, తొందరపెట్టకుండా జరిగితే నాకు అభ్యంతరం లేదు.

ఉద్యోగం విషయంలో దీనికి ప్రయోగశాల అక్కరలేదు. నా చుట్టుపక్కలవారు ఎవరూ చదవని పుటను నాకు పంపండి. అందులో తప్పులు దొరికాయా లేదా అన్నదే జవాబు. తప్పులు వదిలేస్తే మళ్లీ పంపండి.

బొమ్మలభాష

నేను ఇద్దరు పిల్లల తల్లిని. పెద్దవాడికి ఆటిజం, ఇప్పుడు పెద్దవాడయ్యాడు. వాడికి మాట రాదు, అక్షరాలు రావు. ఎన్నో పద్ధతులు చూశాం. వాడి భాష బొమ్మల కార్డులు, చేతి సైగలు, ముఖకవళికలు మాత్రమే. ఈ చర్చ చదువుతున్నప్పుడు నాకు ఒక సందేహం కలిగింది. టైపు చేయగలిగినవారి వెనుక ఎంత తెలివి దాగి ఉందో చూపించి పని అడుగుతున్నాం, బాగానే ఉంది. మరి దాగి ఉన్నదేదో చూపించలేనివారికి అర్థవంతమైన పని మీద కోరిక ఉండదా?

ఉంటుందని నేను చూశాను. వాడు వెళ్ళిన ఒక డే కేర్ కేంద్రంలో రంగు పూసలను రంగుల వారీగా డబ్బాల్లోకి ఏరమనేవారు. వాడు శ్రద్ధగా ఏరేవాడు. సాయంత్రం సిబ్బంది వాటినన్నిటినీ తిరిగి ఒక పళ్ళెంలో కలిపేసేవారు, మరునాడు ఏరడానికి ఉండాలి కదా. ఒకసారి ఇంటికి బయలుదేరే ముందు వాడు అది చూశాడు. ఆ తరువాత ఆ పళ్ళెం ముట్టుకోలేదు. నివేదికలో ‘సహకరించడం లేదు’ అని రాశారు. వాడు ఏం చెప్పాడో నాకు వాక్యాలు అవసరం లేకుండానే తెలిసింది.

ఇప్పుడు ఒక గ్రంథాలయంలో, పాఠకులు తిరిగి ఇచ్చిన పుస్తకాలను వెన్ను మీది రంగు చీటీని బట్టి అరల దగ్గరకు చేరుస్తున్నాడు. వాడు తప్పు అరలో పెడితే అక్కడి లైబ్రేరియన్ పుస్తకం తీసి వాడి చేతికిచ్చి, సరైన అర చూపిస్తుంది, పొగడదు, విసుక్కోదు. వాడు తీసుకెళ్ళి సరిగ్గా పెడతాడు. జ్వరం వచ్చి వెళ్ళని రోజుల తరువాత బండి నిండా పేరుకుపోయిన పుస్తకాలను చూసి వాడు చేతులు ఊపుతూ దాని చుట్టూ తిరిగాడు. సంతోషంతో చేసే సైగ అది. జీతం మాత్రం లేదు. అడిగితే అటువంటి పోస్టు లేదన్నారు. పుస్తకాలు మాత్రం ప్రతిరోజూ బండి నిండా వస్తూనే ఉన్నాయి.

సాధన_థెరపిస్ట్

పోస్టు లేదన్న జవాబు గురించి ఒక మాట. ఉన్న ఉద్యోగానికి మనిషిని సరిపెట్టడానికి బదులు, సంస్థలో మిగిలిపోతున్న పనులను గమనించి, వాటిలో కొన్నింటిని కలిపి ఒక మనిషికి సరిపోయే ఉద్యోగంగా మలచే పద్ధతి ఉంది. అమెరికా 2014లో చేసిన ఉపాధి చట్టంలో దానికి నిర్వచనం కూడా ఇచ్చింది. మీ అబ్బాయి లేకపోతే ఆ పుస్తకాలు సర్దడానికి లైబ్రేరియన్ గారు తన సమయంలో ఎంత ఖర్చు చేయవలసి వచ్చేదో రాసి ఇస్తే, యాజమాన్యంతో మాట్లాడటానికి అదొక ఆధారం అవుతుంది. పక్కన సహాయకుడు అవసరమైతే ఆ ఖర్చు ఎవరిదన్న ప్రశ్న కూడా వస్తుంది. బ్రిటన్‌లో 1994 నుంచి ఉన్న యాక్సెస్ టు వర్క్ పథకం కింద ప్రభుత్వమే దానికి సాయం చేస్తుంది. అటువంటి ఏర్పాటు లేని చోట భారం కుటుంబం మీద పడుతుంది, కుటుంబం అలసిన రోజు ఉద్యోగం పోతుంది.

అచ్చుతప్పు

నేను ప్రచురణకర్తల కోసం పాత పుస్తకాలను స్కాన్ చేసి, కంప్యూటర్ గుర్తించిన పాఠాన్ని సరిదిద్ది ఇచ్చే చిన్న బృందాన్ని నడుపుతున్నాను. సానుభూతితో రాయడం లేదు, నాకు దిద్దేవారి కొరత ఉంది. అరిగిపోయిన అచ్చులో ‘వ’ను యంత్రం ‘ప’గా చదువుతుంది. ‘వాడు’ కాస్తా ‘పాడు’ అయితే అక్షరదోషాలు పట్టే సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు, ఎందుకంటే రెండూ సరైన పదాలే. అర్థం తెలిసి, విసుగు లేకుండా చదివే మనిషి కావాలి. చాలామంది మొదటి వారంలోనే విసిగిపోతారు.

నా భయాలు కూడా చెబుతాను. వేలిమాట గారు టైపు చేయలేని రోజులు గడువుకు ముందు వస్తే పుస్తకం ఆగిపోతుంది. అందువల్ల ఆయనకు గడువు దగ్గరపడిన పుస్తకాలు ఇవ్వను. నెలల తరబడి సాగే సంపుటాలు ఉన్నాయి, వాటిలో ఇస్తాను. మొదటి విడతగా కొన్ని పుటలు పంపుతాను. వాటికి ఇతరులకు ఇచ్చే రేటే ఇస్తాను. తప్పులు మిగిలితే తిప్పి పంపుతాను, అందరికీ పంపినట్టే.

ఆ పని ఇప్పుడే మొదలుపెడుతున్నాను. వేలిమాట గారూ, మొదటి టపాలో ‘మళ్ళీ’ అని, రెండవదానిలో ‘మళ్లీ’ అని రాశారు. ఒకే పదాన్ని రెండు రకాలుగా రాయడం మీ కంటికి వెంటనే తగులుతుందని అన్నారు కదా.

వేలిమాట

తగలలేదు. ట్యాబ్ సూచించిన పదాన్ని ఎంచుకుంటే వేలి శ్రమ తగ్గుతుందని దానిని వదిలేశాను. మీ బృందం ఏ రూపం వాడుతుందో నియమావళి పంపితే దానినే పాటిస్తాను.

మీ షరతులు నాకు సమ్మతమే. నావి కూడా రాస్తున్నాను. మాట్లాడవలసింది ఏదైనా ఉంటే రాతలోనే మాట్లాడాలి, వీడియో సమావేశం వద్దు. నేను పని చేయలేని రోజున ‘ఈ రోజు లేదు’ అని ఒక బొత్తాంతో పంపే సందేశాన్ని పరికరంలో ముందే పెట్టుకుంటాను. దానికి కారణం అడగవద్దు. నా గురించి మీ సంస్థ ప్రకటనల్లో రాయవద్దు, నా ఫోటో వాడవద్దు. పుటల మీద నా పేరు ఇతర దిద్దుబాటుదారుల పేర్లు ఎలా వేస్తారో అలాగే వేయండి, వేయని ఆనవాయితీ అయితే వేయవద్దు.

ప్రశ్నార్థకం

ఫోటో విషయం బాగా చెప్పారు. నా ప్రశ్నకు జవాబు దొరికింది.

నెమ్మదిటైపు

అచ్చుతప్పు గారూ, మీ దగ్గరకు భూగోళం పుస్తకాలు, పటాలున్న పాత పుస్తకాలు వస్తే నన్ను గుర్తుంచుకోండి. పటాల్లోని ఊళ్ళ, నదుల పేర్లను యంత్రం ఎంత ఘోరంగా చదువుతుందో వికీసోర్స్‌లో చూశాను. నేను దిద్దిన పుటల జాబితా పంపగలను.

అచ్చుతప్పు

నెమ్మదిటైపు గారూ, జాబితా తప్పక పంపండి. పటాలున్న పుస్తకాలను మేము ఇంతవరకు వద్దనే తిప్పి పంపుతున్నాం, చేసేవారు లేక.

బొమ్మలభాష

అచ్చుతప్పు గారూ, అక్షరాలు రానివారు చేయగలిగింది మీ దగ్గర ఏమైనా ఉంటుందా? మా అబ్బాయి చేతులు పుస్తకాల విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటాయి. వాడు కాగితం చింపడం నేను ఎన్నడూ చూడలేదు.

అచ్చుతప్పు

స్కానింగ్ బల్ల దగ్గర ఉందమ్మా. పెళుసుబారిన పుటలను ఒక్కొక్కటిగా తిప్పి, గాజు పలక కింద చదునుగా ఉంచి, మీట నొక్కాలి. తొందరపడేవారు అక్కడ పుస్తకాలు పాడుచేస్తున్నారు, కాబట్టి ఆ బల్లకు మనిషి అవసరం నిజంగానే ఉంది, జీతం కూడా ఉంది. కానీ యంత్రం శబ్దం ఎక్కువ, ప్రతి పుటకూ కాంతి ఒక్కసారిగా మెరుస్తుంది. అబ్బాయి దానిని భరించగలడో లేదో ఇక్కడికి వచ్చాక తెలియడం కంటే ముందే తెలియడం మంచిది. ఆ శబ్దాన్ని, వెలుగును వీడియో తీసి రేపు మీకు పంపుతాను. ఇంట్లో చిన్న శబ్దంతో మొదలుపెట్టి చూపించండి. వాడు పక్కకు తిరిగి వెళ్ళిపోతే ఆ సంగతి కూడా రాయండి, చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లతో మరొకసారి ప్రయత్నించి చూద్దాం.